మనసు బరువు దించుకునే చిన్న అలవాట్లు

సాయం కోరి మా దగ్గరికి వచ్చేవారు ముందు డబ్బు గురించే చెబుతారు. పిల్లల ఫీజు, ఇంటి అద్దె, ఆస్పత్రి బిల్లు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాక రెండో మాట బయటికొస్తుంది, "రాత్రి నిద్ర పట్టడం లేదు" అని. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టులు చేసేవారు, ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆటో నడిపేవారు, రామంతాపూర్ ఇళ్లలో కుట్టుపని చేసుకునే తల్లులు, అందరిదీ ఇదే మాట. దాతలైన మీకూ ఇది కొత్త కాదు.

ఆందోళన కలిగితే శరీరం ప్రమాదం ముంచుకొచ్చినట్టే స్పందిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ప్రమాదం దాటాక ఆ బిగువు సడలాలి. కానీ అప్పు రోజూ ఉంటుంది కనుక బిగువూ రోజూ ఉంటుంది. దాన్ని సడలించే ఖర్చులేని దారులు ఇవి.

శ్వాస: నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది. ఐదు నిమిషాలు చాలు.

నడక: వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫజ్ర్ నమాజు తర్వాత, రోడ్లు రద్దీ కాకముందే అరగంట చురుగ్గా నడిస్తే ఐదు రోజుల్లో అది పూర్తవుతుంది.

చాయ్, నిద్ర: చాయ్‌లోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. అందుకే అస్ర్ వేళ చాయ్‌తో ఆపేయండి. పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టండి.

కోపం: నిలబడి ఉండగా కోపం వస్తే కూర్చోమని, అప్పటికీ తగ్గకపోతే పడుకోమని దైవప్రవక్త (స) బోధించారు. నోరు జారకముందే శరీరాన్ని నెమ్మదింపజేసే ఉపాయమిది.

మాట: బాధను నమ్మకమైన ఒక్కరికైనా చెప్పుకోండి. ఇంట్లో చెప్పుకోలేకపోతే, 2022లో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. రెండు వారాలైనా నిద్ర, ఆకలి సరిగా లేకపోతే డాక్టరును కలవాలి.

ఈ అలవాట్లు అద్దె కట్టవు, అప్పు తీర్చవు. తలలో గందరగోళం తగ్గి, సమయానికి సాయం అడిగే ధైర్యాన్నిస్తాయి, అంతే. మిగతాది మన జకాత్, సదకాల పని. అడిగినవారిని నాలుగుసార్లు తిప్పితే, ఇచ్చేటప్పుడు ఫొటో తీస్తే వారి బరువును మనమే పెంచినవాళ్లమవుతాం. త్వరగా, గుట్టుగా ఇస్తే ఆ రాత్రి ఒక ఇంట్లో అందరూ కంటినిండా నిద్రపోతారు.

అల్లాహ్ మనందరికీ మనశ్శాంతి ప్రసాదించుగాక. ఆమీన్.