కచేరీకి టికెట్ కొందామా?



పిల్లల సంగీతం క్లాసుకు నెలనెలా ఫీజు కడతాం. కచేరీకి టికెట్ అనగానే మాత్రం "పాస్ దొరకదా?" అంటాం. 1961లో మొదలైన రవీంద్ర భారతిలో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో చాలా కార్యక్రమాలకు ప్రవేశం ఉచితమే. కానీ హాలు అద్దె, మైకు, గాయకులతో పాటు వయొలిన్, మృదంగం వాయించేవారి పారితోషికం ఎవరో ఒకరు ఇవ్వాలిగా! ఇచ్చిన స్పాన్సర్‌కు వేదికపై సన్మానం, ప్రసంగం తప్పవు. పాటకు అంత సమయం తగ్గుతుంది. (శాలువాల లెక్క పిల్లలే బాగా చెబుతారు.) చెన్నై మ్యూజిక్ అకాడమీలో డిసెంబరు సాయంత్రపు కచేరీలకు జనం టికెట్ కొనే వెళతారు. సనత్‌నగర్ నుంచి మనకూ కష్టం లేదు: ఎర్రగడ్డలో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా లక్డీకాపూల్. టికెట్ పెట్టిన కచేరీ ఒక్కటైనా చూపించండి. మృదంగం మీద చేతులు కనిపించేలా పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి.