బ్యాటరీకి కావాల్సింది నీళ్లే... యాసిడ్ కాదు!

వేసవి వచ్చి కరెంటు పోతుంటే ఇన్వర్టర్ గుర్తొస్తుంది. నాలుగేళ్ల కిందట కొన్న బ్యాటరీ అరగంటకే చేతులెత్తేస్తుంటే ‘కొత్తదెందుకు, కాస్త యాసిడ్ పోస్తే సరి’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కొందరు యాసిడ్ కొనితెచ్చి సొంతంగా ప్రయత్నిస్తారు కూడా. కంట్లో చుక్క పడటం, మిగిలిన యాసిడ్‌ను పిల్లలు మంచినీళ్లనుకుని తాగడం వంటి ప్రమాదాలకు దారితీసేది ఇదే. నిజానికి ఆ యాసిడ్ అవసరమే ఉండదు.

తగ్గేది నీరే

ఇళ్లలో ఎక్కువగా వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలో సీసపు పలకలు, నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. ఛార్జింగ్ అవుతున్నప్పుడు నీరు కొద్దికొద్దిగా హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి బయటికి పోతుంది. ఆమ్లం లోపలే ఉంటుంది. కాబట్టి మట్టం తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోస్తే చాలు. యాసిడ్ పోస్తే గాఢత పెరిగి పలకలు త్వరగా పాడవుతాయి. కుళాయి నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు కూడా వద్దు. వాటిలోని ఖనిజాలు, మలినాలు బ్యాటరీకి చేటు.

చాలాకాలం ఛార్జింగ్ లేకుండా వదిలేస్తే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. ఇది కొద్దిగా ఉంటే, నీళ్లు సరిచేసి నెమ్మదిగా ఛార్జ్ చేస్తే కొంత సామర్థ్యం తిరిగి రావొచ్చు. ఈ పని మెకానిక్‌తోనే చేయించాలి. పలకలే దెబ్బతింటే ఏం పోసినా ప్రయోజనం ఉండదు. సీల్డ్ బ్యాటరీలను, ఫోన్లు, ఎలక్ట్రిక్ స్కూటర్లలోని లిథియం బ్యాటరీలను అసలు విప్పకూడదు.

నీళ్లు పోసేటప్పుడు...

* ముందుగా ఇన్వర్టర్ ఆపి, ప్లగ్ తీసేయండి. గాజులు, ఉంగరాలు, వాచీ తీసి పక్కన పెట్టండి. లోహం రెండు టెర్మినళ్లకూ ఒకేసారి తగిలితే నిప్పురవ్వలు వస్తాయి.
* కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. పిల్లలను దగ్గరికి రానివ్వొద్దు.
* మట్టం చూడటానికి అగ్గిపుల్ల, కొవ్వొత్తి వెలిగించొద్దు. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే చాలు, మంట అంటుకుంటుంది. టార్చి వాడండి.
* గరిష్ఠ గీత దాటేలా నీళ్లు పోయొద్దు. ఛార్జింగ్‌లో ఆమ్లం పొంగి బయటికి వస్తుంది.
* నేల మీద ఒలికితే వంటసోడా చల్లి, నురగ ఆగాక ఎక్కువ నీళ్లతో కడగండి.
* బ్యాటరీని పడకగదిలో కాకుండా గాలి ఆడేచోట ఉంచండి.

పొరపాటున పడితే?

కంట్లో: ఆలస్యం చేయకుండా కుళాయి ధార కింద రెప్పలు తెరిచి కనీసం 20 నిమిషాలు కడగాలి. దెబ్బతిన్న కన్ను కిందివైపు ఉండేలా తల వంచితే రెండో కంట్లోకి ఆమ్లం పోదు. మంట తగ్గినా వెంటనే కంటి వైద్యులకు చూపించాలి. కార్నియా దెబ్బతింటే చూపు పోయే ప్రమాదం ఉంది.

చర్మం మీద: తడిసిన బట్టలు తీసేసి, 20 నిమిషాలు నీళ్లు ధారగా పోయాలి. వంటసోడా నేలకే, ఒంటికి కాదు. ఆమ్లంతో కలిసినప్పుడు పుట్టే వేడి గాయాన్ని పెంచొచ్చు. టూత్‌పేస్టు, సిరా, పసుపు కూడా రాయొద్దు.

తాగితే: వాంతి చేయించొద్దు. ఆమ్లం పైకి వస్తూ అన్నవాహికను రెండోసారి కాలుస్తుంది. ఉప్పునీళ్లు, కోడిగుడ్డు పట్టొద్దు. నోరు కడిగించి 108కి ఫోన్ చేయండి. పిల్లాడు బాగానే ఉన్నాడని ఇంట్లో ఉంచుకోవద్దు. లోపలి గాయం మానే క్రమంలో, కొన్ని వారాల తర్వాత అన్నవాహిక ఇరుకై ముద్ద దిగడమే కష్టం కావొచ్చు.

సీసంతోనూ ముప్పే

పాత బ్యాటరీని పగలగొట్టి పలకలు శుభ్రం చేస్తే సీసపు ధూళి చేతులకు, బట్టలకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. పిల్లల రక్తంలో సీసం ఇంత ఉంటే ఫర్వాలేదన్న సురక్షిత స్థాయే లేదు. అది ఎదుగుతున్న మెదడును దెబ్బతీస్తుంది. పనికిరాని బ్యాటరీని విప్పకుండా డీలర్‌కే ఇచ్చేయండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది. పాతదానికి ఎంతో కొంత ధర కూడా వస్తుంది.

ఒకసారి మీ ఇంట్లో మెట్ల కింద, బాత్రూమ్ అటకల మీద వెతకండి. మంచినీళ్ల బాటిల్‌లోనో, కూల్‌డ్రింక్ సీసాలోనో పాత యాసిడ్ మిగిలి ఉంటే డ్రైనేజీలో పారబోయకండి. పిల్లలకు అందకుండా ఉంచి, బ్యాటరీ మెకానిక్‌కు అప్పగించండి.