దించాకే అసలు గండం

రోహిణి కార్తెలో ఆత్మకూరు హోటల్ వంటగదిలోకి అడుగుపెడితే పొయ్యి వెలిగించకముందే ఒళ్లు తడిసిపోతుంది. నెల్లూరు నుంచి బద్వేలు వైపు పోయే బస్సులు ఆగే ఊరు ఇది. మధ్యాహ్నం భోజనాలయ్యాక గుండిగలో మిగిలిన అన్నం మీద మూతపెట్టి, రాత్రి ఫ్రైడ్ రైస్‌కి దాచడం చిన్న హోటళ్లలో మామూలే. ఆ అన్నాన్ని ఒకసారి ముట్టుకుని చూడండి. పైన చల్లారినట్టే ఉంటుంది. అడుగుదాకా గరిటె దించి తీస్తే మూడు గంటల తర్వాత కూడా గోరువెచ్చగా తగులుతుంది. గండమంతా ఆ గోరువెచ్చదనంలోనే ఉంది.

5 డిగ్రీల సెల్సియస్‌కీ 60 డిగ్రీలకీ నడుమ సూక్ష్మజీవులు పెరుగుతాయి. అనువైన వేడి దొరికితే కొన్ని 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అంటే ఒక్కటి నాలుగు గంటల్లో నాలుగు వేలు దాటుతుంది. బియ్యంలో తరచుగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి మరీ మొండిది. అన్నం ఉడికినా దాని బీజాలు చావవు. గోరువెచ్చని అన్నంలో మళ్లీ మొలిచి విషం తయారుచేస్తాయి. వాంతులు తెచ్చే ఆ విషం పెనం మీద ఎంత వేయించినా పోదు. 'బాగా వేడిచేసే పెట్టాం కదా' అన్న మాట ఇక్కడ చెల్లదు. 1970లలో బ్రిటన్‌లో చైనీస్ హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్లు జబ్బుపడినప్పుడు ఈ సంగతి లోకానికి బాగా తెలిసింది.

అన్నాన్ని త్వరగా చల్లార్చడం మన ఆడవాళ్లకు కొత్త కాదు. పులిహోరకు అన్నం వార్చగానే వెడల్పాటి పళ్లెంలో ఆరబోస్తారు. మెతుకు విడివిడిగా ఉండాలని చేసే ఆ పనితో వేడి కూడా త్వరగా దిగుతుంది. ఆపైన చింతపండు పులుపు సూక్ష్మజీవులకు అడ్డుపడుతుంది. అదే పులుపున్న నెల్లూరు చేపల పులుసుకు మర్నాటికి రుచి పెరిగే మాట నిజమే. ఆ ధీమాతో కోడికూరనూ బిర్యానీనీ రాత్రంతా బయట ఉంచకూడదు. వాటికి పులుపు కాపలా లేదు. ఈ ఎండల్లో పులుసునైనా ఫ్రిజ్‌లో పెట్టడమే మేలు. అలాగని వేడి గుండిగను ఉన్నపళంగా ఫ్రిజ్‌లోకి తోస్తే పక్కనున్న పాలూ మాంసమూ వేడెక్కుతాయి. చిన్న గిన్నెల్లోకి సర్ది, ఆరబెట్టి, రెండు గంటల్లోపే లోపల పెట్టాలి.

తిండి విషయంలో అజాగ్రత్త ప్రాణాల మీదకూ తెస్తుంది. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఒక మహిళ చనిపోయింది. ఆ తర్వాతే తెలంగాణ ప్రభుత్వం మోమోలతో నంజుకునే, పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. ప్రాణం పోయేదాకా ఆగడం ఏం న్యాయం? ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 నుంచీ ఉంది.

ఆత్మకూరు, ఉదయగిరి హోటళ్ల యజమానులకు ఒక్క విన్నపం. ఆహారంలో గుచ్చి చూసే థర్మామీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఒకటి కొని వంటమాస్టరు చేతికివ్వండి. వడ్డించేదాకా కూర 60 డిగ్రీలకు పైనే ఉండేలా చూడమనండి. అలా ఉంచలేని రోజు తక్కువే వండండి.