పాత లారీ క్యాబిన్‌కు చక్రాల ట్రాలీ: మనమే ఇలా చేసుకోవచ్చు

జంషెడ్‌పూర్‌లో టాటా-మెర్సిడెస్ బెంజ్ లారీల తయారీ 1954లో మొదలైంది. దాదా నడిపిన అలాంటి బండి ఇంట్లో ఉంటే తుప్పు వదిలించి మళ్లీ రంగు వేయాలనిపిస్తుంది. కానీ చాసిస్ మీద నుంచి దించిన క్యాబిన్‌ను ఇటుకల మీద పెట్టొద్దు. సుత్తి దెబ్బకు ఇటుక పగిలితే కింద పనిచేసే పిల్లాడి మీదే పడుతుంది.

కరీంనగర్ అయినా ఆదిలాబాద్ అయినా, వెల్డింగ్ షెడ్డులో దొరికే సామాను చాలు. రెండు అంగుళాల చదరపు పైపుతో, క్యాబిన్ కంటే వెడల్పు తగ్గకుండా ఫ్రేము చేయించండి. మధ్యలో రెండు అడ్డపట్టీలు వేయించండి. చాసిస్ మీద బోల్టులు ఎక్కడ కూర్చుంటాయో ఫ్రేముకూ అక్కడే రంధ్రాలు పెట్టి, పాత టైరు ముక్క వేసి బిగించాలి. అప్పుడే క్యాబిన్ వంకర పోదు, తలుపులు సరిగ్గా పడతాయి.

ఇక చక్రాలు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఒక చక్రం గాల్లోకి లేస్తుంది, బరువంతా మిగతా మూడింటి మీదే. క్యాబిన్, ట్రాలీ కలిపి 450 కిలోలైతే ఒక్కో చక్రం కనీసం 150 కిలోలు మోయాలి. 200 కిలోలవి కొంటే నిశ్చింత. నాలుగింటిలో రెండింటికి బ్రేకు తప్పనిసరి.

చైన్ పుల్లీతో దించేటప్పుడు కింద ఎవ్వరూ నిలబడొద్దు. బోల్టులన్నీ బిగించాకే పని మొదలుపెట్టండి.