మెదడు తరంగములు – తలంటు నీళ్లు

తలంటు మన యిండ్లలో వారమునకొక చిన్న పండుగ. నూనె యంటి, కుంకుడుకాయ రసముతో రుద్ది, కాగిన నీటిని చెంబులతో గుమ్మరించుట తల్లులకు వేడుక. కాని కొందఱు పిల్లలకు ఆ నీరు తలపై పడుచుండగనే చూపు నిలిచిపోవును, మాట తడబడును, ఒక్కొక్కప్పుడు కాలుచేతులు కొట్టుకొని స్మృతి తప్పును. పెద్దలు గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. వైద్యులు దీనిని వేడినీటి మూర్ఛ యందురు. ఈ వ్యాధి దక్షిణ హిందూదేశమున, ముఖ్యముగ కన్నడసీమలో, విశేషముగ కనబడినది. కర్నూలు మండలమున ఆదోని, ఆలూరు ప్రాంతములు ఆ సీమను ఆనుకొనియే యున్నవి. కావున కర్నూలు, కడప సోదరీమణులు ఈ సంగతి తెలిసికొనుట మిక్కిలి యవసరము.

మెదడునందు సదా స్వల్పమైన విద్యుత్తు చలించుచుండును. జర్మనీలోని యేనా నగర వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మానవుని తలనుండి ఆ విద్యుత్తరంగములను మొదట గ్రహించి, 1929లో ప్రకటించెను. కన్నులు మూసికొని నెమ్మదిగ నున్నవారికి సెకనుకు 8 మొదలు 13 వఱకు తరంగములు లేచును. 1935లో అమెరికాయందు గిబ్స్, డేవిస్, లెనాక్స్ అను మువ్వురు, పిల్లలకు వచ్చు చిన్నమూర్ఛలో సెకనుకు మూడేసి చొప్పున మొనదేలిన తరంగములు కనబడునని వ్రాసిరి. మూర్ఛ గాలియు కాదు, గ్రహమును కాదు, మెదడులోని విద్యుత్తు క్షణకాలము అదుపు తప్పుటయే యని కాగితముపైని గీతలు సాక్ష్యము పలికినవి.

అయితే యంత్రము సర్వజ్ఞము కాదు. వేడినీటి మూర్ఛ గలవారిలో పెక్కుమందికి, మూర్ఛ లేని వేళ తీసిన గీతలు మామూలుగనే యుండును. అప్పుడు వైద్యునకు ఆధారము స్నానము చేయించిన తల్లి మాటయే. నీరెంత వేడిగ నుండెను? ఎన్ని చెంబులు పోసిన పిమ్మట చూపు నిలిచెను? పిలిచిన బిడ్డ పలికెనా? ఇవి యామెయే చెప్పగలదు. ఆ మాటలు వైద్యపత్రికల కెక్కినగాని లోకమునకు ఈ వ్యాధి తెలియదు. తొట్టిలో దిగి స్నానము చేయు దేశముల వైద్యునకు, చెంబుతో తలపై గుమ్మరించు సంగతి తోచునా? న్యూజిలాండులో 1945లో ఇట్టి మూర్ఛను గూర్చి వ్రాసిరి. కాని దీని విరివిని తెలిపినవారు మన దక్షిణాది వైద్యులే. బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యులు పి. సతీశ్‌చంద్ర మున్నగువారు 1988లో 279 మంది రోగుల వృత్తాంతమును ఎపిలెప్సియా యను అంతర్జాతీయ పత్రికలో ప్రకటించిరి.

కావున శాస్త్రపత్రికలలో ఎవరికి చోటు దొరకినది, ఎవరికి దొరకలేదు అనునది చిన్న విషయము కాదు. లెనాక్స్ వద్ద సహాయకురాలిగ పనిచేసిన ఎర్నా గిబ్స్ పేరు 1935 నాటి యా వ్యాసకర్తలలో లేదు. 1941లో వెలువడిన మెదడు తరంగముల పటముల గ్రంథముపై మాత్రము భర్తపేరితోపాటు ఆమె పేరును కలదు. దళమైన ఉంగరాల జుట్టు గలవారి తలకు యంత్రపు బిళ్లలు సరిగ అంటవు. అందుచే పరిశోధనలలో అట్టివారిని విడిచిపెట్టుటయు కలదు. అమెరికాలో కార్నెగీ మెలన్ విద్యార్థిని ఆర్నెల్ ఎటియెన్, తన తోడివారితో కలిసి, జడపాయల నడుమ నిలుచు బిళ్లలను కల్పించి 2020లో ప్రకటించినది. పరిశోధనలలో స్త్రీలెందఱు, పురుషులెందఱు, ఎవరి కే ఫలితము కలిగెనో వేఱువేఱుగ చూపవలెనని ఐరోపా విజ్ఞానపత్రికా సంపాదకుల సంఘమువారు 2016లో సూత్రములు వెలువరించిరి.

మాటలయందును మర్యాద కలదు. మూర్ఛరోగి యనక, మూర్ఛ గల వ్యక్తి యని వ్రాయుట నేడు మంచి పత్రికల పద్ధతి. కొరియాలో ఈ వ్యాధి పాత పేరు పిచ్చిని స్ఫురింపజేయుచుండుటచే, మెదడు విద్యుత్తును తెలుపు క్రొత్త పేరు పెట్టుకొనిరి. మనదేశమున 1999లో హిందూ వివాహ చట్టమునుండి మూర్ఛను తొలగించిరి. అయినను, పెండ్లి చెడునను భయముచే ఆడపిల్లకు మందిప్పింపక దాచు ఇండ్లింకను గలవు. దాచుటచే వ్యాధి పోదు. స్నానపుగదిలో ఒంటరిగ పడి బిడ్డకు ప్రాణాపాయము కలుగవచ్చును.

సోదరీమణులారా! ఇట్టి లక్షణము కనబడిన బిడ్డకు గోరువెచ్చని నీరే వాడుడు. మొదట ఒంటిపై పోసి, తలను మెల్లగ తడిగుడ్డతో తుడువుడు. గది తలుపు గడియ వేయనీయకుడు. మూర్ఛ వచ్చినపుడు ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోట నేమియు పెట్టవలదు. చేతిలో తాళపుచెవు లుంచుటచే లాభము లేదు. ఐదు నిమిషములు మించినచో వెంటనే ఆసుపత్రికి చేర్చుడు. తలకు గీతలు తీయించు దినమున నూనె రాయక, జుట్టు శుభ్రముగ కడిగి ఆరబెట్టి తీసికొనిపొండు. చూచినది చూచినట్లు మన తెలుగుననే వైద్యునకు చెప్పుడు. ఆయన వ్రాసికొన్నదానిని తెలుగున చదివి వినిపింపుమని అడుగుటకు సంకోచింపవలదు. మన బిడ్డలను చూచి వ్రాసిన పరిశోధనల సారము, మనము చదువుకొను భాషలో నాలుగు పంక్తులైనను అచ్చు కావలెనని కోరుట కూడ మన హక్కే.