జింక నొప్పులు ఆపుకుంటుందా?

వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న కథ ఒకటుంది. నిండు చూడి జింకకు నొప్పులు మొదలవుతాయి. ఒక పక్క కార్చిచ్చు, ఒక పక్క వేటగాడు, ఇంకో పక్క సింహం, ఎదురుగా పొంగుతున్న ఏరు. జింక ఇవేవీ పట్టించుకోకుండా కాన్పు మీదే మనసు పెడుతుంది, గండాలన్నీ వాటంతటవే తొలగిపోతాయి. పొద్దున్నే పంపుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, అడవిలో జరిగేది దీనికి దాదాపు తలకిందులు. నొప్పులు అప్పుడప్పుడే మొదలైన జంతువు సింహాన్ని చూస్తే నొప్పులే సద్దుమణుగుతాయి. అది లేచి పరుగందుకుంటుంది.

అపోహ: ప్రమాదం పసిగట్టి, కావాలనే కాన్పు ఆపుకుంటుంది.

వాస్తవం: ఇందులో తల్లి నిర్ణయమేమీ లేదు. భయం వేయగానే రక్తంలో అడ్రినలిన్ పెరుగుతుంది. అది గుండెను ఉరికిస్తుంది, గర్భసంచి కండరాన్ని మాత్రం సడలిస్తుంది. నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ కూడా తగ్గుతుంది. బ్రిటన్ పరిశోధకులు 1992లో దీన్ని పందుల్లో చూపించారు. మొదటి పిల్ల పుట్టగానే తల్లిని కొత్త చోటికి మార్చారు. ఆక్సిటోసిన్ పడిపోయింది, మిగతా పిల్లలు రావడం ఆలస్యమైంది. మెదడులో ఊరే, మార్ఫిన్‌ను పోలిన పదార్థాలు ఆ హార్మోన్‌కు అడ్డుపడుతున్నాయని తేలింది. వాటికి విరుగుడు మందు ఇస్తే ఈత మళ్లీ సాగింది. కొన్ని దేశాల్లో ఆవుల ఈతను కొద్ది గంటలు వెనక్కి జరపడానికి డాక్టర్లు వాడే క్లెన్‌బ్యుటరాల్ పనిచేసేది కూడా అడ్రినలిన్ దారిలోనే.

అపోహ: ఏ దశలోనైనా ఆపుకోగలదు, చీకటి పడేదాకా ఆగుతుంది.

వాస్తవం: ఆగడానికి ఒక హద్దుంది. ఆలస్యం ముఖ్యంగా సాధ్యమయ్యేది గర్భసంచి ముఖం తెరుచుకుంటున్న తొలి దశలో. గుర్రాల సంగతి చూడండి. ఇంగ్లండ్‌లో 1967లో ప్రచురించిన లెక్కల ప్రకారం 501 ఈతల్లో 86 శాతం సాయంత్రం 7 నుంచి ఉదయం 7 లోపే జరిగాయి. లాయంలో అలికిడి అణిగేదాకా గుర్రం తొలి దశను సాగదీయగలదు. ఉమ్మనీరు పోయిందా, ఇక ఎవరొచ్చినా ఆగదు. మామూలుగా అరగంటలోపే పిల్ల బయటపడుతుంది.

అలాగని అన్నీ చీకటి కోసం చూడవు. ఆఫ్రికా గడ్డిమైదానాల్లోని వైల్డెబీస్ట్‌లు ఎక్కువగా పట్టపగలే, మందల మధ్యే ఈనుతాయి. టాంజానియాలోని ఎన్గోరోంగోరోలో వాటిని ఏళ్లపాటు గమనించిన పరిశోధకుడు రిచర్డ్ ఎస్టెస్, దూడ తల బయటికొచ్చేదాకా తల్లి ఈతను మధ్యలో ఆపి కదిలిపోగలదని రాశాడు. తల వచ్చాక ఆ వెసులుబాటు లేదు. అయితే పుట్టిన దూడ సగటున ఏడు నిమిషాల్లోనే లేచి నిలబడుతుంది.

అపోహ: కంగారూలా రోజులు, నెలలు వాయిదా వేస్తాయి.

వాస్తవం: కంగారూ వాయిదా వేసేది కాన్పును కాదు. సంచిలో ఒక పిల్ల పాలు తాగుతుండగా, కడుపులోని కొత్త పిండం చిన్న కణాల ముద్దగానే ఎదుగుదల ఆపి కూర్చుంటుంది. భయానికి, దీనికి సంబంధం లేదు. నెలలు నిండిన కడుపు మాత్రం అంతకాలం ఆగదు. గొర్రెల్లో అయితే ముహూర్తం పెట్టేది తల్లి కూడా కాదు, లోపలి పిల్ల. ఆ పిల్ల మెదడు నుంచి, అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే సంకేతమే ఈతకు నాంది అని న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే పరిశోధకుడు 1960లలోనే నిరూపించాడు. తల్లి భయం ఆ ముహూర్తాన్ని కాసేపు జరపగలదంతే.

అపోహ: దిష్టి తగిలి గేదె ఈనడం లేదు.

వాస్తవం: దిష్టి మాటెలా ఉన్నా, గుమిగూడిన జనం వల్ల ఈత ఆలస్యం కావడం నిజం. కొత్త మనుషులు, కుక్క, టార్చిలైటు, పదేపదే చెయ్యి పెట్టి చూడటం చూడి పశువును బెదరగొడతాయి. తెలిసిన ఒక్క మనిషి దూరంగా ఉండి చూస్తే చాలు. సజావుగా సాగే ఈతలో ముందు నీటిసంచి, తర్వాత రెండు ముందుకాళ్లు, వాటిమీద ఆనించిన ముట్టె కనిపిస్తాయి.

కానీ ప్రతి ఆలస్యాన్నీ భయం ఖాతాలో వేయకండి. గేదెల్లో గర్భసంచి మెలిపడటం తరచూ జరిగేదే. పశువు లేస్తూ పడుకుంటూ బాధపడుతుంది, నీటిసంచి మాత్రం కనిపించదు. అప్పుడు ఎంత ఏకాంతం ఇచ్చినా లాభం లేదు, ఆ మెలి విప్పాలి. నొప్పులు పడుతున్నా ఏమీ రాకపోయినా, నీటిసంచి పగిలిన గంటకో రెండు గంటలకో కాళ్లు కనిపించకపోయినా, లాగే పని పెట్టుకోకుండా పశువుల డాక్టరును పిలవండి, లేదా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి.