పౌరసత్వం బహుమతా, నిచ్చెనా?

వలస వచ్చినవారిలో పౌరసత్వం పొందినవారు, పొందనివారికన్నా సాధారణంగా ఎక్కువ సంపాదిస్తుంటారు. కారణం ఏమిటి? పౌరసత్వం వచ్చింది కాబట్టి మంచి ఉద్యోగాలు దొరికాయా? లేక భాష నేర్చుకుని, ఉద్యోగంలో నిలదొక్కుకున్నవారికే పౌరసత్వం దక్కిందా? మామూలు గణాంకాలతో ఈ చిక్కుముడి విడదు.

ప్రయోగశాలలోనైతే ఒకేలాంటి రెండు నమూనాలు తీసుకుని, ఒకదానిలో ఒక్క అంశాన్నే మార్చి చూస్తాం. మనుషులకు లాటరీ తీసి పౌరసత్వం పంచలేం. కానీ స్విట్జర్లాండ్‌లో దాదాపు అలాంటి పరిస్థితే దానంతటదే ఏర్పడింది.

ఓట్లతో పౌరసత్వం

అక్కడ కొన్ని మునిసిపాలిటీల్లో ఒక్కో పౌరసత్వ దరఖాస్తుపై స్థానికులు రహస్య బ్యాలెట్‌లో ఓటు వేసేవారు. దరఖాస్తుదారుల వివరాలతో కరపత్రం ముందుగానే ఓటర్లకు అందేది. అన్ని అర్హతలూ సమానంగా ఉన్నా, టర్కీ, పూర్వపు యుగోస్లావియాల నుంచి వచ్చినవారిని ఓటర్లు ఎక్కువగా తిరస్కరించేవారు. 2003లో ఆ దేశ అత్యున్నత న్యాయస్థానం ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.

జెన్స్ హైన్‌ముల్లర్, డొమినిక్ హాంగార్ట్‌నర్, వారి సహచరులు ఈ పాత ఓటింగ్ రికార్డులను వెలికితీశారు. కొద్ది ఓట్ల తేడాతో నెగ్గినవారిని, అంతే తేడాతో ఓడినవారిని పోల్చారు. ప్రవేశ పరీక్షలో ఒక్క మార్కుతో సీటు వచ్చిన విద్యార్థికీ, ఒక్క మార్కుతో పోయిన విద్యార్థికీ ప్రతిభలో పెద్ద తేడా ఉండదు. ఇక్కడా అంతే. వారిని విడదీసింది దాదాపుగా అదృష్టమే.

ఏం తేలింది?

ఓటింగ్‌కు ముందు రెండు వర్గాల సంపాదన ఒకేలా ఉంది. ఆ తర్వాత నెగ్గినవారి ఆదాయం సగటున ఏటా సుమారు 5,000 డాలర్లు ఎక్కువైంది. ఎక్కువ వివక్షను ఎదుర్కొనే వర్గాల్లో ఈ లాభం మరింత ఎక్కువ.

మార్పు జీతంతో ఆగలేదు. నెగ్గినవారు స్థానిక సంఘాల్లో చేరడం, స్విస్ పత్రికలు చదవడం, పదవీ విరమణ తర్వాతా అక్కడే ఉండాలనుకోవడం ఎక్కువ. తాము వివక్షకు గురవుతున్నామన్న భావన తక్కువ. రాజకీయాలపై అవగాహన, భాగస్వామ్యం కూడా పెరిగాయి. పౌరసత్వం త్వరగా వచ్చినవారిలో సామాజికంగా కలిసిపోవడం మరింత బలంగా కనిపించింది.

ఈ ఫలితాలకు హద్దులున్నాయి. అప్పటి స్విస్ చట్టం ప్రకారం దరఖాస్తుకు సాధారణంగా 12 ఏళ్ల నివాసం కావాలి. కాబట్టి నిన్నమొన్న వచ్చినవారి గురించి ఈ పరిశోధన నేరుగా ఏమీ చెప్పదు. భారీ తేడాతో ఓడినవారి గురించీ చెప్పదు.

అయినా విధాన నిర్ణేతలకు ఇందులో ఒక ముఖ్యమైన సూచన ఉంది. ‘ముందు మాలో కలిసిపోండి, తర్వాత పౌరసత్వం ఇస్తాం’ అని చాలా దేశాలు అంటాయి. కలిసిపోయినందుకు ఇచ్చే బహుమతే కాదు, కలిసిపోవడానికి వేసే నిచ్చెన కూడా పౌరసత్వమేనని స్విస్ అనుభవం చెబుతోంది. అలాంటప్పుడు నిరీక్షణ కాలాన్ని పెంచుకుంటూ పోతే నష్టం వలసదారులకే పరిమితం కాదు. వారి సంపాదన, పన్నులు, భాగస్వామ్యం ఆ మేరకు ఆతిథ్య దేశానికీ తగ్గుతాయి.